టువానా, హర్ట్సా?

శ్రోతలకు నమస్కారం.

రెండేళ్లుగా జట్టును నడిపిస్తున్న కుర్రాడు. అతను మొదలుపెట్టిన మ్యాచ్‌లలో అప్పటిదాకా ఓడినవి రెండంటే రెండే. అలాంటివాణ్ని జాతీయ ఫైనల్లో, సగం ఆట అయ్యాక, కోచ్ పక్కన కూర్చోబెట్టేశాడు. మరి అతని బదులు ఎవర్ని దించాడు? మొదటి సంవత్సరం కుర్రాణ్ని. కాలేజీ స్థాయిలో ఒక్క మ్యాచ్ కూడా మొదటి నిమిషం నుంచి ఆడనివాణ్ని.

ఇది 2018 జనవరి 8న అమెరికాలోని అట్లాంటాలో జరిగింది. అక్కడ సోమవారం రాత్రి, మనకు మంగళవారం పొద్దున. ఆట అమెరికన్ ఫుట్‌బాల్. జట్టు అలబామా యూనివర్సిటీది. కోచ్ నిక్ సేబన్. కూర్చోబెట్టింది జేలెన్ హర్ట్స్‌ని. దించింది టువా టాగోవైలోవాని. ఆ ఇంటిపేరు పలకలేక అమెరికా వాళ్లే టువా అని సరిపెట్టుకుంటారు కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం.

టువానా, హర్ట్సా? ఆ రాత్రి మొదలైన వాదన ఇది. డాలస్‌లో ఉండే మా మేనల్లుడు ఇప్పటికీ ఫోన్లో దీని మీద నాతో పోట్లాడతాడు. హర్ట్స్‌ది టెక్సస్ కదా, ఆ రాష్ట్రంలో స్థిరపడ్డవాడివి అతని పక్షాన ఉండాలి అంటాను. వాడేమో టువా అంటాడు.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు వెళ్తాను. బంతి దక్కిన జట్టుకు నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు వెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు. అలా వెళ్లి వెళ్లి చివరి గీత దాటితే టచ్‌డౌన్, 6 పాయింట్లు. ఆపైన కిక్ కొడితే ఇంకొకటి. గీత దాటలేమనిపిస్తే దూరం నుంచే రెండు స్తంభాల మధ్యగా బంతిని తన్ని 3 పాయింట్లు తెచ్చుకోవచ్చు. దాన్ని ఫీల్డ్ గోల్ అంటారు. దాదాపు ప్రతి ప్రయత్నంలోనూ బంతి ముందుగా చేరేది క్వార్టర్‌బ్యాక్ చేతికే. విసరాలా, పక్కవాడికి ఇవ్వాలా, తనే పరుగెత్తాలా అన్నది అతను రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. ఆ లోపల వంద కిలోలు దాటిన మనుషులు అతన్ని కింద పడేయడానికి వస్తుంటారు.

కాలేజీ ఆటలో ఇంకో సంగతి ఉంది. ఎంత గొప్పవాడైనా మూడు నాలుగేళ్లే ఆడతాడు, తర్వాత వెళ్లిపోతాడు. అందుకే ఆ ఊళ్లలో కొత్త క్వార్టర్‌బ్యాక్‌ని పాతవాడితో పోల్చడం ఏటా జరిగే పనే. మామూలుగా పాతవాడు అప్పటికే వెళ్లిపోయి ఉంటాడు, పోలిక జ్ఞాపకాలతోనే సాగుతుంది. ఇక్కడ అలా కాదు. పాతవాడూ కొత్తవాడూ ఒకే డ్రెస్సింగ్ రూంలో ఉన్నారు. పైగా కొత్తవాడే వయసులో అయిదు నెలలు పెద్ద!

హర్ట్స్ హ్యూస్టన్ దగ్గర చానల్‌వ్యూలో పెరిగాడు. తండ్రి అక్కడి హైస్కూల్ జట్టుకు కోచ్. అలబామాలో చేరిన మొదటి ఏడాదే, 2016లో, జట్టును చేతుల్లోకి తీసుకుని జాతీయ ఫైనల్‌కి చేర్చాడు. ఆ ఫైనల్లో రెండు నిమిషాల ఆట ఉందనగా తనే పరుగెత్తి జట్టును ముందుకు తెచ్చాడు. ఒక్క సెకను మిగిలి ఉండగా క్లెమ్సన్ జట్టు టచ్‌డౌన్ కొట్టి గెలిచింది. హర్ట్స్ బలం కాళ్లలో ఉంది. ఆ సీజన్లో ఒక్కడే 954 గజాలు పరుగెత్తాడు. టువాది హవాయి, సమోవన్ కుటుంబం. మిగతా పనులు కుడిచేత్తో చేసినా బంతి మాత్రం ఎడమచేత్తో విసురుతాడు. చిన్నప్పుడు తండ్రి అలా నేర్పాడట. అతని బలం ఆ చెయ్యి.

ఇక ఆ రాత్రికి వద్దాం. ఈ ప్రసంగం ఒప్పుకున్నదే ఆ రాత్రి గురించి చెప్పడం కోసం, అందుకని తొందరపడను.

ఎదుటి జట్టు జార్జియా. సగం ఆట అయ్యేసరికి వాళ్లకు 13, అలబామాకు సున్నా. హర్ట్స్ 8 సార్లు విసిరితే చేరినవి 3, వచ్చింది 21 గజాలు. పరుగెత్తే దారులన్నీ జార్జియా మూసేసింది. విసిరి భయపెట్టేవాడు లేకపోతే ఆ దారులు తెరుచుకోవు. సేబన్ టువాను దించాడు.

వచ్చీ రాగానే అద్భుతాలు జరగలేదు. ఒకసారి జట్టంతా ఒక ఎత్తు వేస్తే ఇతనొక్కడూ ఇంకోటి అనుకుని విసిరి బంతిని జార్జియా చేతిలో పెట్టాడు. అయినా చెయ్యి వెనక్కి తీయలేదు. మళ్లీ విసిరాడు, మళ్లీ విసిరాడు. ఇంకా నాలుగు నిమిషాలుందనగా స్కోరు 20-20. ఆఖరి క్షణంలో 36 గజాల ఫీల్డ్ గోల్ కొడితే అలబామాదే కప్పు. కిక్కర్ తప్పాడు. ఓవర్‌టైమ్.

కాలేజీ ఓవర్‌టైమ్‌లో ఒక్కో జట్టుకు ఎదుటివాళ్ల 25 గజాల గీత దగ్గర బంతి ఇస్తారు. మొదట జార్జియా ఆడింది. ముందుకు పోవడం పోయి వెనక్కి వెళ్లింది, చివరికి 51 గజాల దూరం నుంచి తన్ని 3 పాయింట్లు తెచ్చుకుంది. 23-20. ఇప్పుడు అలబామా వంతు.

మొదటి ప్రయత్నం. టువా బంతి పట్టుకుని వెనక్కి జరిగాడు. విసరలేదు. ఇంకా జరిగాడు. ఇంకా విసరలేదు. జార్జియా వాళ్లు వచ్చి పడేశారు. 16 గజాలు వెనక్కి! అనుభవం లేని కుర్రాడు చేసే తప్పు అచ్చంగా ఇదే. బంతిని బయటికి విసిరేసి ఉంటే ఒక్క గజమూ పోయేది కాదు. ఫీల్డ్ గోల్ కొట్టి సమం చేద్దామన్నా అంత దూరం నుంచి కష్టం. ముందు మామూలు కిక్ తప్పిన కిక్కరే కదా ఇప్పుడూ కొట్టాల్సింది.

రెండో ప్రయత్నం. వెళ్లాల్సింది 26 గజాలు. అలబామా అభిమాని దగ్గర ‘సెకండ్ అండ్ ట్వంటీ సిక్స్’ అని చూడండి, ఇంకో మాట అక్కర్లేదు, మొహం వెలిగిపోతుంది.

రెండో ప్రయత్నం, 26 గజాలు. అలబామా కుర్రాళ్లు నలుగురు నిటారుగా ముందుకు పరుగు తీశారు. ఎడమ గీత వెంట పరుగెత్తినవాడు డెవాంటా స్మిత్, అతనూ మొదటి సంవత్సరం వాడే. ఆ వైపు వెనకాల కాపలా ఉన్న జార్జియా ఆటగాడి పని స్మిత్ దాకా బంతి రాకుండా చూడటం. అతను చూస్తున్నది స్మిత్‌ని కాదు, టువా కళ్లని. క్వార్టర్‌బ్యాక్ ఎటు చూస్తే బంతి అటే వస్తుందని లెక్క. టువా కుడివైపు చూశాడు. కాపలావాడు లోపలే ఆగిపోయాడు. రెండే అడుగుల తేడా. అప్పుడు టువా తల తిప్పి ఎడమవైపు విసిరాడు. మన కబడ్డీలో రైడర్ ఎడమ కార్నర్ మీదికి వెళ్తున్నట్టే వెళ్లి కుడివైపు వాణ్ని తాకి వచ్చేస్తాడు చూశారా, అదే పని. కాకపోతే ఇక్కడ అడుగుతో కాదు, చూపుతో. 41 గజాలు. బంతి వెళ్లి స్మిత్ చేతుల్లో పడింది. టచ్‌డౌన్. 26-23. ఆట అయిపోయింది.

అంతకు ముందు బంతికి పసివాడిలా ఆడినవాడు మరుసటి బంతికి అంత నిబ్బరంగా ఎలా ఆడాడు? నాకు ఆ ఎత్తు కంటే ఇదే ఎక్కువ ఆశ్చర్యం. ఇక్కడ హర్ట్స్ సంగతి కూడా చెప్పాలి. తన చోటు పోయిన ఆ రాత్రంతా గీత పక్కన నిలబడి టువాను ఉత్సాహపరుస్తూనే ఉన్నాడు. కెమెరాలు మాటిమాటికీ అతని మొహం మీదికి వెళ్లాయి, ఎక్కడైనా చిన్నబోతాడేమోనని. వాళ్లకేమీ దొరకలేదు.

సరే, అంకెల్లోకి వెళ్దాం. వాదనలో మా మేనల్లుడు ముందుగా తీసేవి ఇవే. 2017 సీజన్లో హర్ట్స్ విసిరి సాధించిన టచ్‌డౌన్లు 17. 2018లో, చోటు ఖాయమయ్యాక, టువా సాధించినవి 43. ఇంకేముంది, తేలిపోయింది అంటాడు. తేలలేదు నాయనా. 2018లో టువా బంతులు అందుకున్నవాళ్లెవరు? స్మిత్, జూడీ, రగ్స్, వాడిల్. ఈ నలుగుర్నీ తర్వాత ప్రొఫెషనల్ జట్లు మొదటి రౌండ్లోనే ఎంచుకున్నాయి. అలాంటి నలుగురు ఒకేసారి ఉన్న కాలేజీ జట్లు అరుదు.

అలాగని హర్ట్స్ అభిమానులు చూపించే అంకెనూ నేను పూర్తిగా నమ్మను. 2017 సీజన్ మొత్తం మీద అతని బంతి ఎదుటివాళ్ల చేతిలో పడింది ఒకే ఒక్కసారి. టువాకు 2018లో 6 సార్లు. ఒక్కటే అంటే ఎంత జాగ్రత్త అనిపిస్తుంది. జాగ్రత్తే, కాదనను. కానీ అనుమానం వచ్చినప్పుడల్లా విసరకుండా పరుగెత్తేవాడి బంతి ఎలా పోతుంది? తప్పులు తక్కువైన చోట సాహసం కూడా తక్కువైందేమో చూడాలి. 13-0 వెనకబడ్డ రాత్రి కావలసింది ఆ సాహసమే.

ఇక్కడితో ఆగితే టువాదే పైచేయి. కానీ అదే ఏడాది డిసెంబర్ 1న అదే అట్లాంటాలో, అదే స్టేడియంలో, అదే జార్జియాతో ఇంకో ఫైనల్ జరిగింది. ఈసారి వాళ్ల లీగ్ ఫైనల్. మొదటినుంచి ఆడింది టువా, బెంచి మీద ఉన్నది హర్ట్స్. జార్జియా ఈసారి టువాకు సిద్ధమై వచ్చింది. రెండు బంతులు పట్టేసింది. నాలుగో క్వార్టర్లో, అలబామా 28-21తో వెనకబడి ఉండగా, టువా చీలమండ దెబ్బతింది. హర్ట్స్ లోపలికి వచ్చాడు. 9 విసిరితే 7 చేరాయి. ఒక టచ్‌డౌన్ విసిరాడు, స్కోరు సమం. ఆఖరి నిమిషం దగ్గరపడుతుండగా తనే బంతి పట్టుకుని 15 గజాలు పరుగెత్తి గీత దాటాడు. 35-28. కఠినుడని పేరుపడ్డ సేబన్, ఆట ముగిశాక టీవీ వాళ్లతో హర్ట్స్ గురించి మాట్లాడుతూ కదిలిపోయాడు.

హర్ట్స్ ఏడాదంతా బెంచి మీద కూర్చుని ఏం చేశాడు? విసరడం మెరుగుపరుచుకున్నాడు, డిగ్రీ పూర్తి చేశాడు. ఆ డిసెంబర్‌లోనే పట్టా అందుకున్నాడు. పట్టా ఉన్నవాడు ఇంకో యూనివర్సిటీకి మారినా అప్పటి నిబంధనల ప్రకారం వెంటనే ఆడొచ్చు. ఓక్లహోమాకి వెళ్లి 2019లో 32 టచ్‌డౌన్లు విసిరాడు, పరుగెత్తి ఇంకో 20 సాధించాడు. దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీలో ఆ ఏడాది అతనిది రెండో స్థానం. అంతకు ముందు ఏడాది టువాదీ రెండో స్థానమే.

తర్వాతి సంగతులు క్లుప్తంగా. 2020లో ప్రొఫెషనల్ జట్లు ఆటగాళ్లను ఎంచుకున్నప్పుడు తుంటికి పెద్ద దెబ్బ తగిలి కోలుకుంటున్న టువాను మయామి అయిదో ఆటగాడిగా తీసుకుంది. హర్ట్స్ 53వ వాడిగా ఫిలడెల్ఫియాకి వెళ్లాడు. 2023లో ప్రొఫెషనల్ లీగ్ మొత్తంలో ఎక్కువ గజాలు విసిరింది టువా. తలకు పదేపదే తగిలిన దెబ్బలు మాత్రం అతన్ని వెంటాడాయి. 2025 ఫిబ్రవరిలో న్యూ ఆర్లీన్స్‌లో ఫిలడెల్ఫియా సూపర్ బౌల్, అంటే ఆ లీగ్ ఫైనల్, గెలిచింది, ఉత్తమ ఆటగాడు హర్ట్స్. ఆ రోజు అతను విసిరిన 46 గజాల టచ్‌డౌన్ బంతిని అందుకున్నది ఎవరనుకున్నారు? ఆ డెవాంటా స్మితే.

నా పక్షమేదో చెప్పమంటారా? ఒక్క బంతి విసరాలంటే టువా. సీజన్ పొడుగునా జట్టును నాకు అప్పగించి ఒకణ్ని ఎంచుకోమంటే హర్ట్స్. మా వాడు దీన్ని గోడమీది పిల్లివాటం అంటాడు, అననీ.

టైము అయిపోవస్తోంది. ఈ ఆట ఎప్పుడూ చూడనివాళ్లకు ఒక్క చిట్కా చెబుతాను. కాలేజీ మ్యాచ్‌లు ఎక్కువగా శనివారాలే ఉంటాయి, మనకు శనివారం రాత్రి నుంచి ఆదివారం పొద్దుటిదాకా అన్నమాట. ఎప్పుడైనా టీవీలో కనిపిస్తే, బంతి క్వార్టర్‌బ్యాక్ చేతికి రాగానే బంతిని చూడకండి. అతని హెల్మెట్ ఎటు తిరిగి ఉందో చూడండి, ఒక్క రెండు సెకన్లు. మొదటినుంచి చివరిదాకా ఒకే వైపు చూసి అటే విసిరాడంటే ఇంకా నేర్చుకుంటున్నాడన్నమాట. ఒకవైపు చూసి రెండోవైపు విసిరాడంటే అనౌన్సర్ కేక పెట్టేలోపే మీకు తెలిసిపోతుంది. ఒకే జట్టులో పాతవాణ్నీ కొత్తవాణ్నీ పోల్చాల్సి వచ్చినా ఇదే చూడండి, టచ్‌డౌన్ల లెక్క తర్వాత చూసుకోవచ్చు. సెలవు, నమస్కారం.