కొంగు ముడిలోని కూపన్

(జాతీయ వినియోగదారుల దినం సందర్భంగా నల్లగొండలో పొదుపు సంఘాల మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అక్కలకు, చెల్లెళ్లకు, వెనక వరుసల్లో కూర్చున్న పెద్దమ్మలకు నమస్కారం.

వినియోగదారుల హక్కుల గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. హక్కుల గురించి నాకన్నా బాగా చెప్పగల వకీళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. నేను ఇక్కడే ఒక సూపర్ మార్కెట్లో పదకొండేళ్లు బిల్లింగ్ కౌంటర్ దగ్గర పనిచేశాను. ఇప్పుడు సొంతంగా చిన్న కిరాణా దుకాణం నడుపుకుంటున్నాను. గల్లాపెట్టెకు ఇవతలా అవతలా నిలబడిన మనిషిని కాబట్టి నాకు తెలిసిన ఒక్క సంగతే మాట్లాడతాను. అది కూపన్. చూడటానికి వేలెడంత కాగితమే గానీ, దాని కోసం నా కళ్ల ముందు జరిగినన్ని తగువులు బియ్యం ధర కోసం కూడా జరగలేదు.

మనకు కూపన్ కొత్త కావచ్చు, కొసరు కొత్త కాదు. ప్రకాశం బజారులో కిలో వంకాయలు తూచిన తర్వాత ఇంకో కాయ వేయించుకోకుండా మనలో ఎవరు కదులుతారు? కరివేపాకు రెబ్బ, నాలుగు పచ్చిమిరపకాయలు సంచిలో పడితేనే బేరం ముగిసినట్టు. అసలు కన్నా కొసరు ముద్దని ఊరికే అనలేదు. అయితే కొసరులో ఒక వీలుంది. ఇచ్చే మనిషి, తీసుకునే మనిషి ఎదురెదురుగా ఉంటారు. "రేపు మళ్లీ నీ దగ్గరికే వస్తాను కదమ్మా" అంటే ఆమె ఇంకో కాయ వేస్తుంది, లేదా "నాకే గిట్టదక్కా" అంటుంది. ఏదైనా ఆమె చేతిలోనే ఉంది.

కూపన్ కూడా కొసరే. కానీ దాన్ని ఇచ్చే మనిషి కౌంటర్ దగ్గర ఉండడు. ఎంత తగ్గించాలో, ఏ తేదీ దాకా తగ్గించాలో, ఏ సరుకు మీద తగ్గించకూడదో హైదరాబాద్‌లోనో ముంబైలోనో కూర్చున్నవారు ముందే తేల్చి కంప్యూటర్లోకి ఎక్కించి పంపుతారు. కౌంటర్లో నిలబడిన అమ్మాయికి ఆ కొసరు మీద చిటికెడు అధికారం కూడా లేదు. మనం మాత్రం వంకాయల అక్కతో మాట్లాడినట్టే ఆ పిల్లతో బేరమాడతాం, బతిమాలతాం, చివరికి కోప్పడతాం. తగువంతా ఇక్కడే పుడుతుంది.

ఆ అమ్మాయి స్కానర్ కింద పెట్టగానే కంప్యూటర్ ఏమేమి చూస్తుందో చెబుతాను. తేదీ దాటిందా? ఈ శాఖలో చెల్లుతుందా? ఇదివరకే వాడేశారా? బిల్లు చెప్పినంత అయిందా? బిల్లులో కూపన్ వర్తించని సరుకులు ఎన్ని ఉన్నాయి? ఇందులో ఏ ఒక్కటి కుదరకపోయినా తెర మీద ఎర్ర అక్షరాలు వస్తాయి. చాలా దుకాణాల్లో ఎందుకు కుదరలేదో ఆ తెర చెప్పదు. చెల్లదు అని మాత్రమే చూపిస్తుంది. కారణం ఆ అమ్మాయి ఊహించి చెప్పాలి. వెనక పదిమంది వరుసలో ఉంటే ఊహించే తీరిక ఎక్కడిది?

అన్నిటికన్నా ఎక్కువ మంది తడబడేది బిల్లు మొత్తం దగ్గర. 1500 రూపాయల సరుకు కొంటే 100 తగ్గింపు అని కూపన్ మీద ఉంటుంది. మనం ప్యాకెట్ల మీద ముద్రించిన ధరలు కూడుకుంటూ వస్తాం, 1620 అవుతుంది. ధైర్యంగా కౌంటర్‌కు వెళ్తాం. కానీ సబ్బుల మీద ఒక ఆఫర్, నూనె మీద ఇంకో ఆఫర్ పోను అసలు బిల్లు 1470. చాలా దుకాణాలు ఆఫర్లు పోగా మిగిలిన మొత్తాన్నే లెక్కలోకి తీసుకుంటాయి. 30 రూపాయలు తక్కువై 100 పోతుంది. అందుకే డబ్బు కట్టక ముందే కూపన్ చేతికిచ్చి "పడుతుందో లేదో చూసి చెప్పమ్మా" అనండి. కారణం చూపించకపోయినా బిల్లు మొత్తం ఆ అమ్మాయికి తెర మీద కనిపిస్తూనే ఉంటుంది, ఎంత తక్కువైందో చెప్పగలదు. బిల్లును పక్కన ఆపి ఉంచుతుంది, మీరు వెళ్లి ఒక ఉప్పు ప్యాకెట్టు, ఒక సబ్బు తెచ్చుకోవచ్చు. డబ్బు కట్టి, బిల్లు చేతికి వచ్చిన తర్వాత కూపన్ తీస్తే మాత్రం కష్టం. పన్నుతో సహా ఆ బిల్లు లెక్కల్లోకి వెళ్లిపోతుంది. దాన్ని రద్దు చేయాలంటే సూపర్‌వైజర్ రావాలి, తన పాస్‌వర్డ్ కొట్టాలి, వాపసు బిల్లు తీయాలి, మళ్లీ మొదటి నుంచి అన్నీ స్కాన్ చేయాలి.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది దుకాణాల వారికి నచ్చదు. మీకు కావలసిన సరుకు 900 రూపాయలదే అనుకోండి. 100 కోసం ఇంకో 600 సరుకు బుట్టలో వేస్తే మీరు కట్టేది 1400. అంటే 500 ఎక్కువ ఖర్చయింది. ఆ 600లో వచ్చే నెలకు పనికొచ్చే పప్పు, చింతపండు ఉంటే మంచిదే. బిస్కెట్లు, రంగునీళ్ల సీసాలు ఉంటే ఆ కూపన్ మీకు లాభం తెచ్చినట్టు కాదు. 1500 మీద 100 అంటే వందకు ఏడు రూపాయలు కూడా లేదు. సంఘంలో వడ్డీని పైసలతో సహా లెక్క కట్టే మీకు ఈ లెక్క నేను నేర్పక్కర్లేదు.

పసిపిల్లల పాలపొడి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. నేను పనిలో చేరిన రెండో ఏడు, మునుగోడు వైపు నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు. చేతిలో రెండు పాలపొడి డబ్బాలు, ఒక కూపన్. అది చెల్లలేదు. "పసిపిల్ల పాల దగ్గర కూడా ఇంత పిసినారితనమా?" అని గట్టిగా అరిచాడు. నాకు జవాబు తెలియదు. తల వంచుకుని నిలబడ్డాను. తర్వాత ఎప్పుడో ఒక అంగన్‌వాడీ టీచర్ చెబితే తెలిసింది. శిశువుల పాలపొడి, పాలసీసాల గురించి 1992లో ఒక చట్టం వచ్చింది, 2003లో దాన్ని ఇంకా బిగించారు. రెండేళ్ల లోపు పిల్లల కోసం డబ్బాల్లో వచ్చే ఆహారాన్ని నమూనాలు, కానుకలు, ఏ రకమైన ఆశ అయినా చూపించి అమ్మకూడదని ఆ చట్టం చెబుతుంది. ఊరికే వస్తోంది కదా అని డబ్బా పాలు మొదలుపెడితే బిడ్డ తల్లి దగ్గర తాగడం తగ్గుతుంది, బిడ్డ తాగడం తగ్గితే తల్లికి పాలూ తగ్గుతాయి. ఆ తర్వాత డబ్బా కొనక తప్పదు. ఆ రోజు నాకు ఇది తెలిసి ఉంటే ఆ అబ్బాయికి నెమ్మదిగా చెప్పేదాన్ని. అతని కోపంలో తప్పు లేదు. చెప్పేవారు లేకపోవడమే తప్పు. కౌంటర్లో నిలబెట్టే ముందు ఇలాంటివి మాకు నేర్పవలసింది దుకాణం వారు. స్కానర్ పట్టుకోవడం ఒక్క పూటలో నేర్పారు, ఇది పదకొండేళ్లలో నేర్పలేదు.

ఇక ఈ ప్రసంగానికి నేను రావడానికి అసలు కారణమైన మనిషి గురించి. సద్దుల బతుకమ్మకు ముందు రోజు. దుకాణంలో కాలు పెట్టే సందు లేదు. తిప్పర్తి వైపు పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ నా వరుసలో ఉంది. పెసరపప్పు, బెల్లం, నువ్వులు, ఒక నూనె ప్యాకెట్టు, మనవరాలికి జడ రిబ్బన్లు. అన్నీ అయ్యాక కొంగు ముడి విప్పింది. అందులోంచి నాలుగు మడతల కాగితం తీసి, వేళ్లతో సాపు చేసి నా ముందు పెట్టింది. అంతకు ముందు నెల మా దుకాణమే ఇచ్చిన కూపన్ అది. చెమటకు, ఎండకు అక్షరాలు మొత్తం ఎగిరిపోయాయి. తెల్ల కాగితం మీద బూడిద రంగు మరక మిగిలింది. బార్‌కోడ్ లేదు, తేదీ లేదు. ఆ కూపన్ బిల్లు కాగితం మీదే అచ్చవుతుంది. బిల్లు కాగితం సిరాతో అచ్చయ్యేది కాదు. వేడి తగిలితే నల్లబడే పూత ఆ కాగితానికి ఉంటుంది. ఎండలో పెట్టినా, నూనె అంటినా, రోజూ చేతుల్లో నలిగినా పోతుంది. ఆమె దాన్ని డబ్బుకన్నా భద్రంగా దాచుకుంది. ఒంటికి ఆనుకుని దాచడం వల్లే అది చెరిగిపోయింది.

"చెల్లదా బిడ్డా?" అని అడిగింది. సూపర్‌వైజర్‌ను పిలిచాను, నంబరు లేనిదే కుదరదన్నాడు. అతను అన్నదీ నిజమే. ఆమె ఏమీ అనలేదు. నూనె ప్యాకెట్టు పక్కకు తీసిపెట్టమంది. డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది. ఆ తెల్ల కాగితాన్ని పారేయకుండా మళ్లీ నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకుని వెళ్లింది. అరిచిన వాళ్ల ముఖాలు చాలా మరిచిపోయాను. ఆమె ముఖం మరిచిపోలేదు. కూపన్ అందిన రోజే ఫోనులో ఫోటో తీసుకోండి, నంబరు కనిపించేలా. ఫోటో తీయడం రాని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే మీరు తీసిపెట్టండి. వస్తువుల గ్యారంటీ బిల్లులకూ ఇదే మాట.

మరి జాలి పడి నేనే 100 తగ్గించి ఉండవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. అంతకు ముందు ఏడాది ఒకసారి అలాగే చేశాను. ఒకావిడ కూపన్ తీసుకుని, రద్దీలో నంబరు కొట్టకుండా తగ్గింపు ఇచ్చాను, ఆ చీటీ ఎక్కడో పడిపోయింది. రాత్రి గల్లా లెక్క సరిచూసినప్పుడు 100 తక్కువ వచ్చింది. ఆ నెల జీతంలో కోసుకున్నారు. నన్ను ఒక్క మాట అడగలేదు. నష్టం పేరుతో జీతం కోసే ముందు ఆ మనిషి సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలోనే ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇప్పటి వేతనాల కోడ్‌లోనూ ఆ నియమం ఉంది. మీ ఇళ్లలో కౌంటర్ పనికి వెళ్లే పిల్లలు ఉంటే వాళ్లకు ఈ ముక్క చెప్పండి. పండగ రోజుల్లో ఉదయం నుంచి రాత్రి దాకా నిలబడే ఉంటారు వాళ్లు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో పనిచేసేవారు కూర్చోవడానికి వసతి ఉండాలని చట్టం చేశాయి. అది మనకూ కావాలి. కూర్చుని పనిచేస్తే మర్యాద తగ్గుతుందని ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అంటే దుకాణం ఏం చేసినా ఊరుకోమని కాదు. అడగవలసింది గట్టిగా అడగాలి, అడగవలసిన వారిని అడగాలి. అర మీద చీటీలో ఒక ధర, బిల్లులో ఇంకో ధర వచ్చిందా? చీటీని ఫోటో తీసి మేనేజర్‌ను పిలవండి. ముద్రిత ధర కన్నా ఒక్క రూపాయి కూడా ఎక్కువ తీసుకోకూడదు, పన్నులన్నీ అందులోనే ఉంటాయి. పాడైన వస్తువు వస్తే, బిల్లు మీద గడువు రాసి లేకపోతే ముప్పై రోజుల్లోగా వెనక్కి తీసుకోనని అనడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపారం. ఫోను నంబరు చెప్పనిదే బిల్లు వేయం అనడం కూడా సరికాదని 2023లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దుకాణాలకు చెప్పింది. నంబరు అడగమని ఆ అమ్మాయికి పైనుంచి ఆజ్ఞ ఉంటుంది, "వద్దమ్మా" అంటే చాలు. చిల్లరకు బదులు చాక్లెట్ ఇస్తే తీసుకోకండి. పది రూపాయల నాణెం చెల్లదనే మాట మన జిల్లాల్లో ఎలా పాకిందో గానీ, అది చెల్లుతుంది.

దసరాకు బట్టల దుకాణాల వాళ్లిచ్చే లక్కీ డ్రా కూపన్ల గురించి ఎవరూ అడగరు, నాకు అదే బాధ. పేరు, ఊరు, ఫోను నంబరు రాసి డబ్బాలో వేసి వస్తాం. కారు ఎవరికి వచ్చింది, బంగారం ఎవరికి వచ్చింది? పథకం ముగిశాక ఫలితాలు చెప్పకుండా దాచడం కూడా ఆ 2019 చట్టంలో అనుచిత వ్యాపారమే. ఈ దసరాకు వేసిన కూపన్ల సగం ముక్కలు మీ దగ్గర ఉంటే ఆ దుకాణానికి వెళ్లి జాబితా చూపించమనండి. పదిమంది కలిసి వెళ్తే చూపిస్తారు.

మేనేజర్ వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు కట్టిన సొమ్ము అయిదు లక్షల లోపు అయితే ఫిర్యాదుకు రుసుము లేదు. రెండేళ్ల లోపు వెళ్లాలి, బిల్లు ఉండాలి.

ఇప్పుడు నాకు ఇంకో పది నిమిషాలు ఇచ్చారు. మాట్లాడటం ఆపేస్తాను. మీ పర్సుల్లో, సంచుల్లో, కొంగుల్లో ఉన్న కూపన్లు అన్నీ బయటికి తీయండి. ముందు వైపు వద్దు, వెనక వైపు తిప్పండి, చిన్న అక్షరాలు అక్కడే ఉంటాయి. కళ్లద్దాలు తేని పెద్దమ్మలు పక్కనున్న చెల్లెళ్లకు ఇవ్వండి. తేదీ ఎక్కడుందో ముందు వెతుకుదాం. మూడో వరుసలో ఎర్రచీర అక్కా, మీ చేతిలో ఉన్నది పైకి చదవండి.