ఊరు ఒక చోట, రొట్టె ఒక చోట, కొండ ఒక చోట

[తెర మీద: పైకప్పు లేని పెద్ద రోమన్ ఇల్లు. నేల మీద గుర్రాలు, బల్లేలతో నిండిన యుద్ధ చిత్రం.]

ఇటలీలోని పాంపేయిలో ఈ ఇంటి దగ్గర రోజూ జనం గుంపుగా ఆగుతారు. చిన్న చిన్న రాతి ముక్కలు పేర్చి నేల మీద వేసిన యుద్ధ చిత్రం ఇది. ఒక పక్క అలెగ్జాండర్, ఇంకో పక్క రథం మీద పర్షియా రాజు దరియస్. అందరూ ఫోటో తీసుకుని పక్క వీధిలోకి వెళ్ళిపోతారు.

వాళ్ళు చూసింది నకలు. అసలు చిత్రం 1831లో ఇదే నేల మీద బయటపడింది. తర్వాత దాన్ని లేపి, సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న నేపుల్స్ నగరానికి తీసుకెళ్ళారు. ఇప్పుడది అక్కడి జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉంది. అంటే ఇల్లు ఒక చోట, ఆ ఇంటి నేల ఇంకో చోట. ఈ ఊరిని పూడ్చేసిన కొండ మూడో చోట, ఒక జాతీయ పార్కులో.

ఒక దేశం చూడటానికి వెళ్ళేటప్పుడు మనం జాబితా రాసుకుంటాం. పేరున్న కట్టడాలు ఇన్ని, మ్యూజియాలు ఇన్ని, పార్కులు ఇన్ని. రోజుకి నాలుగు చొప్పున టిక్కు పెట్టుకుంటూ పోతాం. ఈ వీడియోలో నేను అడిగేది ఒక్కటే. ఆ మూడు వరుసలను విడివిడిగా రాయకండి. ఒకే కథ మూడు చోట్ల ఎక్కడ పడి ఉందో వెతకండి, ఆ మూడూ కలిపి చూడండి.

[తెర మీద: మ్యూజియం హాలు. బెంచీ మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న సందర్శకులు.]

ముందు మ్యూజియంలో తిరుగుతుంటే వచ్చే అలసట సంగతి. 1916లో బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ అనే ఆయన దీని మీద ఒక వ్యాసం రాశారు. అమెరికాలోని బోస్టన్ లలితకళల మ్యూజియంలో పనిచేసేవారు. ఒక మనిషిని అద్దాల పెట్టెల ముందు నిలబెట్టి, లోపలి వస్తువుల గురించి ప్రశ్నలడిగి, జవాబు కోసం అతను ఎలా వంగుతున్నాడో, ఎలా గొంతుక్కూర్చుంటున్నాడో, మెడ ఎంత సాచుతున్నాడో ఫోటోలు తీయించారు. 'మ్యూజియం అలసట' అన్న మాట ఆ వ్యాసంతోనే పేరుపడింది. గిల్మన్ తప్పంతా పెట్టెలు అమర్చిన తీరుదే అన్నారు. అది నిజమే. కానీ నా అనుభవంలో ఇంకో కారణం కూడా ఉంది. మొదటిసారి ఒక పెద్ద మ్యూజియంకి వెళ్ళినప్పుడు మూడో గదికే నా కళ్ళు చూడటం మానేశాయి. కాళ్ళు నడుస్తూనే ఉన్నాయి. ఆ కుండ ఎవరిదో, ఎవరి వంటింట్లోదో నాకు తెలియదు. తెలియని వాళ్ళ వస్తువులను ఎంతసేపని చూస్తాం?

అందుకే పాంపేయి దగ్గర కాసేపు ఆగుదాం.

[తెర మీద: రాళ్ళు పరిచిన వీధి. మధ్యలో ఎత్తుగా మూడు బండరాళ్ళు.]

క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిదా నురగరాళ్ళ కింద పాంపేయి ఊరంతా ఉన్నదున్నట్టు ఉండిపోయింది. ఇక్కడ తవ్వకాలు 1748లో మొదలయ్యాయి. ఊళ్ళో సుమారు మూడో వంతు ఇప్పటికీ మట్టి కిందే ఉంది. వీధిలో నడుస్తుంటే కిందకి చూడండి. బళ్ళ చక్రాలు అరగదీసిన గాళ్ళు కనిపిస్తాయి. వీధి దాటడానికి వేసిన ఎత్తు రాళ్ళ మధ్య, చక్రాలు పట్టేంత సందు వదిలారు. ఈ వీధుల్లో పరిచిన రాయి ఒకప్పుడు లావా. అంటే కొండ ఇచ్చిన రాయి మీదే వీళ్ళు నడిచారు.

ఇప్పుడు ఒక రొట్టెల దుకాణంలోకి వెళ్ళండి. ఇసుక గడియారం ఆకారంలో మనిషి నడుము దాటే తిరగళ్ళు వరసగా నిలబడి ఉంటాయి. వెనక ఇటుకల పొయ్యి. పొయ్యి నోట్లోకి తొంగి చూస్తే ఖాళీ.

ఆ రొట్టె నేపుల్స్ మ్యూజియంలో ఉంది. నల్లగా బొగ్గైపోయింది, అయినా గుండ్రం చెదరలేదు. తుంచుకోవడానికి వీలుగా ఎనిమిది భాగాలు చేస్తూ పెట్టిన గీతలు కూడా అలాగే ఉన్నాయి. తిరగలి చూడకుండా ఈ అద్దం ముందుకి వస్తే అదొక నల్లటి ముద్ద, అంతే. ముందురోజు ఆ పొయ్యి దగ్గర నిలబడి వచ్చిన మనిషి మాత్రం ఇక్కడి నుంచి కదలడు. చేతితో గీత పెట్టిన వాడికి మధ్యాహ్నం ఏం జరగబోతోందో తెలియదు కదా, అనిపిస్తుంది.

మరి ఇవన్నీ ఊళ్ళోనే ఉంచకుండా ఎందుకు తరలించారు? మొదట్లో తవ్వించింది నేపుల్స్ రాజులు. మంచివన్నీ రాజుగారి సేకరణలోకి చేరేవి. గోడల మీద చిత్రాలను కూడా కోసి తీసుకెళ్ళారు. అది బాధ కలిగించే విషయమే. కానీ ఎండకీ వానకీ అక్కడే ఉండిపోయిన చిత్రాలు ఎంత వెలిసిపోయాయో చూస్తే, తీసుకెళ్ళినవి బతికి బయటపడ్డాయని కూడా ఒప్పుకోవాలి.

[తెర మీద: బూడిద రంగు వాలు. పైకి వెళ్ళే కాలిబాట. దూరంగా సముద్రం.]

మూడో చోటు వెసూవియస్. 1995 నుంచి ఇది జాతీయ పార్కు. కొండ ఎత్తు 1,281 మీటర్లు. చాలావరకు బస్సులోనో కారులోనో వెళ్ళి, చివరి భాగం నడవాలి. దారిలో 1944లో పారిన లావా కనిపిస్తుంది. దాని మీద వెండి రంగు పాచిలాంటిది పరుచుకుని ఉంటుంది. అది లైకెన్. గడ్డకట్టిన లావా మీద మొదట కాలు పెట్టే ప్రాణి అదే. దాని వెనకే మట్టి, మొక్కలు, పొదలు వస్తాయి. కింది వాలుల్లో ద్రాక్షతోటలు చూశాక, ఇంత ప్రమాదం పక్కన అంతమంది ఎందుకు కాపురం ఉన్నారో ఎవరూ చెప్పనక్కర్లేదు. అగ్నిపర్వతం మట్టి బాగా పండుతుంది.

పాంపేయిని పూడ్చేసిన ఆనాటి పేలుడును అఖాతానికి అవతలి ఒడ్డు నుంచి చూసిన 17 ఏళ్ళ కుర్రాడు ఒకడున్నాడు. పేరు ప్లినీ. పైకి లేచిన పొగ పైన్ చెట్టులా ఉందని, మొదట నిటారుగా లేచి పైన కొమ్మల్లా విచ్చుకుందని తర్వాత ఒక ఉత్తరంలో రాశాడు. గొడుగులా విచ్చుకునే ఆ చెట్లు ఈ చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నాయి. పాంపేయి గేటు బయట ఒకటి కనిపిస్తే ఒక్క క్షణం ఆగండి.

[తెర మీద: ఎండిపోయిన కొండలు, చారలు చారలుగా రంగులు.]

ఏది ముందు చూడాలి? శిథిలాలైతే నేను చోటుకే ముందు వెళ్ళమంటాను. వస్తువు లేని ఖాళీని ముందు చూస్తే, మ్యూజియంలో కళ్ళు దాన్నే వెతుకుతాయి. శిలాజాల విషయంలో మాత్రం దీన్ని తిప్పేయాలి. కెనడాలోని అల్బర్టాలో డైనోసార్ ప్రొవిన్షియల్ పార్కు ఉంది. సుమారు 7.5 కోట్ల ఏళ్ళ నాటి రాతి పొరలవి. నేరుగా అక్కడికే వెళితే ఎముక ఏదో రాయి ఏదో తెలియదు. ముందు డ్రమ్‌హెల్లర్‌లోని రాయల్ టిరెల్ మ్యూజియం చూడండి. ఎముక రంగు, లోపలి సన్నటి రంధ్రాలు కంటికి అలవాటవుతాయి. తర్వాత పార్కులో గైడు వేలు చూపించేలోపే మీకే కనిపించవచ్చు. తాకి చూసి అక్కడే వదిలేయాలి, తీసుకెళ్ళడం నేరం.

ఏథెన్స్‌లో ఇలాంటి కథ ఇంకా దగ్గర దగ్గరగా ఉంది. కొండ మీద ఎరెక్థియాన్ గుడి మండపాన్ని మోస్తున్న ఆరుగురు రాతి స్త్రీలూ నకళ్ళే. కొండ కింద 2009లో తెరిచిన ఆక్రోపోలిస్ మ్యూజియంలో అసలువి ఐదు నిలబడి ఉంటాయి. ఆరో ఆమె లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఇక్కడ ఆమె చోటు ఖాళీగా వదిలేశారు. ఆ ఖాళీ ఎన్నో వస్తువుల కన్నా ఎక్కువ మాట్లాడుతుంది. ఈజిప్టులో ఇది తిరగబడింది. టుటన్‌ఖామున్ సమాధిలో దొరికిన నిధి కైరో వైపు వెళ్ళింది, రాజు మమ్మీ మాత్రం రాజుల లోయలో తన సమాధిలోనే ఉంది.

[తెర మీద: మ్యూజియం వస్తువు కింద చిన్న చీటీ. ఒక వరుస చుట్టూ గుండ్రం గీత.]

మీరు వెళ్ళే దేశంలో ఇలాంటి జతలు ఎలా పట్టుకోవాలి? వస్తువు కింద చీటీలో అందరూ పేరూ తేదీ చదువుతారు. 'ఎక్కడ దొరికింది' అన్న వరుస చదవండి. ఆ ఊరు మ్యాప్‌లో వెతకండి. తరచుగా అది మీ దారిలోనే ఉంటుంది. శిథిలాల దగ్గరైతే టికెట్ కౌంటర్లో, 'ఇక్కడ దొరికినవి ఎక్కడ పెట్టారు?' అని అడగండి. ఒక్కోసారి పక్కనే చిన్న మ్యూజియం ఉంటుంది, లోపల ఇద్దరు ముగ్గురు కూడా ఉండరు. పార్కుకి వెళితే సందర్శకుల కేంద్రంలో ఆ నేల పుట్టుక గురించి పెట్టిన బోర్డు ముందు ఐదు నిమిషాలు ఇవ్వండి.

సెలవు రోజు తప్పకుండా చూసుకోండి. నేపుల్స్ మ్యూజియం, పారిస్‌లో లూవ్ర్ మంగళవారం మూసి ఉంటాయి. మీరు ఏ వస్తువు కోసం వెళుతున్నారో అది ఆ రోజు గదిలో ఉందో లేదో కూడా కనుక్కోండి. మొదట చెప్పిన అలెగ్జాండర్ చిత్రానికి 2021లో మరమ్మతు మొదలుపెట్టారు. పాంపేయిలోకి రోజుకి 20,000 మందినే పంపుతున్నారు, వెసూవియస్ శిఖరం టికెట్టూ ముందే కొనాలి. కాబట్టి ఈ రెండూ ఆఖరి నిమిషానికి వదిలేయకండి.

[తెర మీద: విశాలమైన పచ్చిక. వంపు తిరిగిన రాతి తోరణం. దాని సందులోంచి దూరంగా శిథిలమైన గుమ్మటం.]

మూడూ ఒక్క నడకలో చూడగలిగే చోటు హిరోషిమా. తోరణం ముందు నిలబడితే, సరిగ్గా దాని మధ్యలోంచి గుమ్మటం అస్థిపంజరం కనిపిస్తుంది. మీ వెనక మ్యూజియం. అందులో ఒక చేతి గడియారం 8:15 దగ్గర ఆగిపోయి ఉంది. 1945 ఆగస్టు 6 ఉదయం అది. చుట్టూ పార్కు, చెట్లు, నీడలో కూర్చున్న ముసలివాళ్ళు. ఇక్కడ మొదటి నుంచీ పచ్చికే ఉండేదనిపిస్తుంది.

ఉండేది కాదు. ఇది దుకాణాలు, ఇళ్ళు కిక్కిరిసిన పేట. ఆ పేట మీద మట్టి పోసి పార్కు చేశారు. 2022లో పార్కులో ఒక చిన్న భవనం తెరిచారు. లోపల నేల తవ్వి అలాగే వదిలేశారు. కిందికి చూస్తే ఆనాటి వీధి, ఇంటి పునాది, నల్లగా కాలిన ఆనవాళ్ళు. మీరు ఇంతసేపూ నడిచిన పచ్చిక, వాటికి కొద్ది అడుగుల పైన.