పి0420 కోడ్ చూసి కన్వర్టర్ మార్చకండి!

కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదేమోనని కారు కంప్యూటర్ వేసే లోపం కోడ్ పి0420. అది వచ్చినంత మాత్రాన మీ కారులోని క్యాటలిటిక్ కన్వర్టర్, అంటే పొగలోని విషవాయువులను శుద్ధిచేసే డబ్బా, పోయినట్లు కాదు. ఈ వీడియో చేస్తున్నదే ఈ ఒక్క మాట చెప్పడానికి, చివరిదాకా ఇదే మాట చెబుతాను. చెన్నైలో పాత పెట్రోల్ కారు నడుపుతున్న మన తెలుగువారికి ఈ గొడవ కొత్తేమీ కాదు. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, గ్యారేజీలో స్కానర్ తగిలిస్తారు, తెర మీద పి0420 కనబడగానే "సార్, క్యాట్‌కాన్ పోయింది, మార్చాల్సిందే" అంటూ వేలల్లో అంచనా రాసి చేతిలో పెడతారు. కారు కిందికి వంగి చూసినవారు ఒక్కరూ ఉండరు. నాకు ఒళ్లు మండేది అక్కడే!

కన్వర్టర్ లోపల ఏముందో కారు కంప్యూటర్‌కు కనిపించదు. దానికి తెలిసేది కన్వర్టర్‌కు ముందున్న ఆక్సిజన్ సెన్సర్, వెనకున్న ఆక్సిజన్ సెన్సర్ పంపే సంకేతాలు మాత్రమే. పాత కార్లలో ఎక్కువగా ఉండే రకం సెన్సర్లయితే, ముందుది 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య క్షణక్షణం ఊగుతూ ఉంటుంది. కన్వర్టర్ ఆరోగ్యంగా ఉంటే అందులోని సీరియం ఆక్సైడ్ ఆక్సిజన్‌ను దాచుకుని, అవసరమైనప్పుడు వదులుతుంది కనుక స్కానర్ తెర మీద వెనక సెన్సర్ గీత 0.6, 0.7 వోల్టుల దగ్గర దాదాపు కదలకుండా నిలుస్తుంది. ఆ వెనక గీత కూడా ముందుదానిలాగే ఊగడం మొదలైతే కంప్యూటర్ పి0420 వేస్తుంది. అంటే ఒక్క సాక్షి మాట మీద ఉరిశిక్ష వేస్తున్నారన్నమాట, ఆ సాక్షిని ఎవరైనా తప్పుదారి పట్టించారేమో అడగకుండానే!

తప్పుదారి పట్టించేది ఏమిటో చెబుతాను. మనది ఉప్పుగాలి తగిలే ఊరు. సైలెన్సర్ పైపు అతుకులు, పైపులను కలిపే ఫ్లాంజ్ బోల్టులు, ఫ్లెక్సిబుల్ పైపు వెల్డింగులు తుప్పు పట్టి సన్నని చిల్లులు పడతాయి. పొగ ఒక్కో తోపుగా బయటికి పోతున్నప్పుడు, రెండు తోపుల మధ్య ఆ చిల్లు బయటి గాలిని లోపలికి లాగుతుంది. ఆ గాలిలోని ఆక్సిజన్‌ను వెనక సెన్సర్ చూస్తుంది, నేరం మాత్రం కన్వర్టర్ మీద పడుతుంది. ఉదయం ఇంజిన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేయించి, పైపు అతుకుల దగ్గర చెవిపెట్టి వినండి. టిక్ టిక్ మని చిన్న చప్పుడు వస్తుంటే, అతుకులో పొగ బయటికి రాకుండా పెట్టే గ్యాస్కెట్ అంచున వేలెడు పొడవున నల్లని మసిగీత కనబడితే, మీ దొంగ దొరికినట్లే. గ్యాస్కెట్ ఖరీదెంత, కన్వర్టర్ ఖరీదెంత?

ఇంకొక దారుణం చెప్పకుండా ఉండలేను. కొందరు స్కానర్ పెట్టగానే కోడ్ చెరిపేస్తారు. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ వేడి, వేగం, ఆర్‌పీఎం, ఫ్యూయల్ ట్రిమ్ (పెట్రోలు మోతాదులో కంప్యూటర్ చేసే సవరణ) ఎంతెంత ఉన్నాయో కంప్యూటర్ దాచిపెట్టిన లెక్కంతా దానితోపాటే పోతుంది. ముందు దాన్ని ఫొటో తీయించండి. పక్కనే పి0300 వరుస మిస్‌ఫైర్ (ఇంజిన్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం) కోడ్‌గానీ, పి0171, పి0172 లాంటి ఇంధన మిశ్రమం కోడ్‌గానీ ఉంటే, పి0420ని పక్కన పెట్టి ముందు వాటి పని చూడాలి.

ఎందుకంటే కన్వర్టర్ నిజంగానే పోయినా, చాలాసార్లు దాన్ని చంపింది మరొకటి. మద్రాసుతో సహా నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోల్ కార్లకు 1995లో కన్వర్టర్ తప్పనిసరి చేసినప్పుడు, దాంతోపాటే సీసం లేని పెట్రోలు తెచ్చారు; సీసం తగిలితే కన్వర్టర్ బతకదు. ఇప్పుడు సీసం లేదు, కానీ పెట్రోలును మండించే నిప్పురవ్వకు కరెంటు ఇవ్వలేని పాడైన ఇగ్నిషన్ కాయిల్ ఉంది, ఆయిల్ తాగే ఇంజిన్ ఉంది. కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండితే లోపలి తేనెపట్టు లాంటి సిరామిక్ కరిగిపోతుంది. కాలిన ఆయిల్‌లోని భాస్వరం దాని మీద పూతలా పేరుకుంటుంది. కాయిల్ మార్చకుండా కొత్త కన్వర్టర్ బిగిస్తే అదీ అదే దారి పడుతుంది.

మరి ఇంత తొందరగా ఎందుకు మార్చమంటారు? నా అనుమానం నేను దాచుకోను. విప్పిన పాత కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి; 2021లో రోడియం ధర ఔన్సుకు 25 వేల డాలర్లు దాటింది. అది చెత్త అయితే తుక్కు వ్యాపారులు కొనడానికి ఎందుకు పోటీపడతారు? లీకు లేదని తేలి, మిస్‌ఫైర్ లేదని తేలి, వేడెక్కిన ఇంజిన్ మీద వెనక గీత అప్పటికీ ఊగుతూనే ఉంటే మార్చండి, నేను వద్దనను. కానీ పాతదాన్ని మీ ఎదుటే విప్పించి, మీ డిక్కీలో పెట్టించుకోండి. లేదా దాని విలువ బిల్లులో తగ్గించి రాయించండి.