ఐదు నిమిషాలు – 38వ ఎపిసోడ్: మాత్రలు ఎవరు మానేశారు?

తమ్ముడు: నమస్కారం. 38వ ఎపిసోడ్‌కు స్వాగతం. వంకాయ ఎపిసోడ్ రెండో భాగం ఎప్పుడని ఇంకా అడుగుతూనే ఉన్నారు అక్కా.

అక్క: సంక్రాంతి దాకా లేదని అప్పుడే చెప్పాను.

తమ్ముడు: సరే. ఈ వారం బీపీ, షుగర్ లాంటి దీర్ఘకాలిక జబ్బుల గురించి. ఊరి దగ్గరి ఆసుపత్రిలోనే, రోగికి అనువుగా వాటిని ఎలా చూడాలన్నదాని మీద జరిగిన పరిశోధనల గురించి. మూడు పేజీలు రాసుకొచ్చాను.

అక్క: మొదటి పేజీలో అమెరికాలోని సియాటిల్ ఉంటుంది.

తమ్ముడు: ఉంది. 1990లలో అక్కడ ఎడ్వర్డ్ వాగ్నర్, ఆయన బృందం కలిసి ఒక నమూనా తయారుచేశారు. క్రానిక్ కేర్ మోడల్ అంటారు. మన ఆసుపత్రుల తీరంతా జ్వరం వచ్చినవాళ్ల కోసం, కాలు విరిగినవాళ్ల కోసం ఏర్పడింది. వస్తారు, నయమవుతుంది, వెళ్లిపోతారు. బీపీ ఉన్న మనిషి అలా వెళ్లిపోడు, ముప్పై ఏళ్లు వస్తూనే ఉంటాడు. అందుకని వాగ్నర్ ముఖ్యంగా రెండు కావాలన్నారు. తన జబ్బు సంగతి తెలిసి, దాన్ని చూసుకోగలిగిన రోగి ఒకటి. ఆ రోగి వచ్చేసరికే సిద్ధంగా ఉన్న సిబ్బంది రెండోది.

అక్క: సిద్ధంగా ఉండడమంటే ఏమిటో నేను చెబుతాను. ముందురోజు సాయంత్రమే రిజిస్టరు తెరిచి రేపు రావలసినవాళ్లెవరు, పోయిన నెల రానివాళ్లెవరు అని చూసుకోవాలి. రానివాళ్ల పేర్లు ఆశా కార్యకర్తకు ఇవ్వాలి. వచ్చినవాళ్లను ముందు కుర్చీలో కూర్చోబెట్టాలి.

తమ్ముడు: కుర్చీ వచ్చేసింది.

అక్క: వస్తుంది మరి! ఎండలో రెండు కిలోమీటర్లు నడిచి వచ్చిన మనిషిని వరుసలో నిలబెట్టి, పిలవగానే చేతికి బీపీ పట్టీ చుట్టేస్తే అది కొలత కాదు. ఐదు నిమిషాలు కూర్చోవాలి. వీపు ఆనాలి, పాదాలు రెండూ నేల మీద ఉండాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. మూత్రం ఆపుకుని కూర్చోకూడదు. మాట్లాడకూడదు. పట్టీ చేతికి చిన్నదైతే లేని బీపీ కూడా కనిపిస్తుంది. ఒకసారి చూసి వదిలేయకుండా రెండోసారి చూడాలి. ఈ కొలత నమ్మే కదా మనిషికి జీవితాంతం మందు రాస్తున్నాం!

తమ్ముడు: ఒప్పుకుంటున్నాను. రెండో పేజీ మన దగ్గరిదే. 2017లో ఐదు రాష్ట్రాల్లో, తెలంగాణతో కలిపి, రక్తపోటు అదుపు కార్యక్రమం మొదలైంది. ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్. అందులో ఐదు అంశాలు. అందరికీ ఒకే తేలికైన చికిత్స పద్ధతి, మందులు ఎప్పుడూ అందుబాటులో ఉండడం, డాక్టరు పని కొంత నర్సులూ ఇతర సిబ్బందీ పంచుకోవడం, రోగికి దగ్గరలోనే వైద్యం, ఎవరికి అదుపులో ఉందో తెలిసే లెక్క. 2022లో దీనికి ఐక్యరాజ్యసమితి అవార్డు కూడా వచ్చింది. ఇంత చేసినా అక్కా, జనం మాత్రలు మానేస్తారు. నా మందుల షాపులో రోజూ చూస్తున్నాను. రెండు నెలలు వాడి, "తగ్గిపోయిందయ్యా" అంటారు. దానికి నిర్లక్ష్యం తప్ప వేరే పేరు లేదు.

అక్క: ఆ మాట వెనక్కి తీసుకో.

తమ్ముడు: ఎందుకు?

అక్క: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే నివేదిక ఇచ్చింది. ధనిక దేశాల్లో కూడా దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లలో మందులు సరిగా వాడేది సగటున సగం మందే. అన్ని దేశాల్లో సగం మంది ఒక్కసారిగా నిర్లక్ష్యపు మనుషులైపోయారా? బీపీ నొప్పి పెట్టదు. నొప్పి లేని జబ్బుకు రోజూ మందు వేసుకోమంటే ఎందుకో కూర్చుని చెప్పేవాళ్లు ఉండాలి. ఓపీలో ఆ సమయం ఎవరిస్తున్నారు?

తమ్ముడు: చెప్పినా వినరు. ప్రతి చీటీతోనూ చెబుతాను. మాత్ర వేసుకుంటేనే తగ్గింది, మానేస్తే మళ్లీ పెరుగుతుందని.

అక్క: కౌంటరు మీద నుంచి, వెనక నలుగురు నిలబడి ఉండగా చెబుతావు.

తమ్ముడు: నా దగ్గర ఉన్నది ఆ కౌంటరే కదా అక్కా.

అక్క: తప్పు నీది అనడం లేదురా. రోగిది కాదంటున్నాను. 2009లో కార్ల్ మే, విక్టర్ మాంటోరి, ఫ్రాన్సెస్ మెయర్ కలిసి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం రాశారు. జబ్బు ఒక బరువైతే చికిత్స ఇంకో బరువు అన్నది అందులో విషయం. రావడం, కూర్చోవడం, పరీక్షలు, మళ్లీ రావడం, ఇవన్నీ రోగి చేసే పనే. ఆ పని అతని బతుకులో పడుతుందా లేదా అని చూసి వైద్యం చేయమన్నారు. నర్సుగా ఇన్నేళ్లు చేసి, అది చదివిన రోజు నేను నిద్రపోలేదు.

తమ్ముడు: ఎందుకని?

అక్క: నాన్న గురించి.

తమ్ముడు: నాన్న మానేశారు కాబట్టే పక్షవాతం వచ్చింది. నిర్లక్ష్యం అన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చేది ఆయనే. కోపం కాదు. బాధ.

అక్క: నాన్న మానేయలేదు.

తమ్ముడు: అంటే?

అక్క: నాన్నను అడిగాను, చెప్పమన్నారు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను. అప్పుడు నువ్వు హైదరాబాదులో చదువుతున్నావు, నేను వేరే జిల్లాలో ఉన్నాను. ఆయన వెళ్లిన చోట పది రోజులకే మాత్రలు ఇచ్చేవారు. పదకొండో రోజు మళ్లీ ఓపీ చీటీ, మళ్లీ వరుస. పొద్దున కుట్టు మిషను మూసి వెళ్తే మధ్యాహ్నం దాటేది. పండగల ముందు, పెళ్లిళ్ల రోజుల్లో షాపు మూస్తే ఏమవుతుందో నీకు తెలుసు. అందుకని మాత్రను కత్తెరతో సగానికి కోసుకున్నారు. పది రోజులవి ఇరవై రోజులు వచ్చేలా. సుద్దముక్కల డబ్బాలో ఆ సగాలు నాకు దొరికాయి, ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు.

తమ్ముడు: నాకు ఎందుకు చెప్పలేదు?

అక్క: పరీక్షలు రాస్తున్నావు. తర్వాత షాపు పెట్టావు. ఆ మాట ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

తమ్ముడు: ఐదేళ్లుగా ఆయన ముందే అంటున్నాను అక్కా. "నువ్వు మానేశావు కాబట్టే" అని. ఒక్కసారి కూడా కాదనలేదు.

అక్క: అవును.

తమ్ముడు: ఒక్క నిమిషం ఆగుదాం.

…

తమ్ముడు: సరే. నెలకు సరిపడా ఇచ్చి ఉంటే అని ఆలోచిస్తున్నాను. ఇప్పుడు నేను చెప్పిన కార్యక్రమంలో నెలకు ఇస్తున్నారు.

అక్క: నెల కూడా చాలదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు ఏమన్నాయి? మందు మొదలుపెట్టినప్పుడు, మార్చినప్పుడు, అదుపులోకి వచ్చేదాకా నెలకోసారి చూడాలి. అదుపులోకి వచ్చాక 3 నుంచి 6 నెలలకోసారి చాలు. హెచ్‌ఐవీ మందులకు ఈ పద్ధతి 2016లోనే చెప్పారు. నిలకడగా ఉన్న బీపీ రోగిని ప్రతి నెలా రప్పించి వరుసలో ఎందుకు నిలబెట్టాలి?

తమ్ముడు: ఇక్కడ నేను ఒప్పుకోను. నాన్న సంగతి విన్నాక కూడా ఒప్పుకోను. గోదాములో వెయ్యి మందికి నెలకు సరిపడా సరుకు ఉందనుకో. ముందు వచ్చిన మూడొందల ముప్పై మందికి మూడేసి నెలలవి ఇస్తే మిగతావాళ్లు ఖాళీ చేతులతో వెళ్లాలి. సరుకు కొనే లెక్క మారకుండా ఇచ్చే లెక్క మారిస్తే వీధి చివరి ఇంటికి మందు ఉండదు. ఇంకోటి, తేమ పట్టే ఇంట్లో మూడు నెలల పొట్లం ఎలా ఉంటుంది? పక్కింటివాళ్లకు నాలుగు మాత్రలు సర్దేవాళ్లు లేరా?

అక్క: సరుకు మాట నిజం. ముందు కొనుగోలు పెరగాలి, కాదనను. పక్కింటికి సర్దడం మాత్రం ఎప్పుడు జరుగుతుంది? పక్కింటివాళ్లకు దొరకనప్పుడే కదా.

తమ్ముడు: మధ్యలో బీపీ పెరిగితే?

అక్క: చూడడానికీ, మందు తెచ్చుకోవడానికీ ముడి ఎందుకు? ఊళ్లో ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎం ఉంది, కుర్చీ ఉంది. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చూస్తే చాలు.

తమ్ముడు: ఊళ్లో చూడడం ఒక్కటే చాలదని పశ్చిమ గోదావరిలో తేలింది కదా. మూడో పేజీ అదే. 18 పీహెచ్‌సీలు, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, 54 గ్రామాలు. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇచ్చి, గుండె జబ్బు ముప్పు ఎవరికుందో ఇంటి దగ్గరే లెక్కగట్టి డాక్టరు దగ్గరకు పంపించారు. స్మార్ట్‌హెల్త్ అధ్యయనం. చివరికి బీపీ అదుపులో ఉన్నవాళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

అక్క: ఆ ఫలితాన్ని దాచకుండా అచ్చు వేశారు, అందుకు వాళ్లంటే నాకు గౌరవం. నాకు అందులో కనిపించింది ఇది: ముప్పు ఉందని ఇంటికొచ్చి చెప్పి, తర్వాత పనంతా మళ్లీ రోగి మీదే పెడితే కుదరదు. ఆశా కార్యకర్త చూసిన చోటికే మందు కూడా రావాలి.

తమ్ముడు: బ్రిటన్‌లోని వేల్స్‌లో ఆ డాక్టరు చేసింది అదేనంటావా? జూలియన్ ట్యూడర్ హార్ట్.

అక్క: ఆయన పేరు నువ్వే ఎత్తావు, గుర్తుపెట్టుకో. గ్లిన్‌కోరుగ్ అని బొగ్గు గని కార్మికుల ఊరు. 1960లలో అక్కడ డాక్టరుగా ఉండి, జబ్బుతో వచ్చినవాళ్లకే కాకుండా ఊళ్లో అందరికీ బీపీ చూశాడు. రానివాళ్లను వెతుక్కుంటూ వెళ్లాడు. 25 ఏళ్ల లెక్క 1991లో బయటపెట్టారు. పొరుగు ఊరి కంటే అక్కడ అకాల మరణాలు తక్కువ. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ దొరుకుతుందని 1971లో రాసింది కూడా ఆయనే.

తమ్ముడు: ఆయన ఒక్క ఊళ్లో పాతికేళ్లు ఉన్నాడు. మన దగ్గర డాక్టరు ఒకే పీహెచ్‌సీలో రెండేళ్లు ఉంటే...

అక్క: ఉండు, ఎవరో వచ్చారు. రండి పిన్నీ. చూపించుకోవడానికేనా? ఆకుపచ్చ కుర్చీలో కూర్చోండి. మెట్లెక్కి వచ్చారు, కాసేపు ఊపిరి తీసుకోండి. కాళ్లు నేలకు ఆనించండి.

తమ్ముడు: అక్కా, రెండేళ్ల సంగతి పూర్తి చేయనివ్వు. బదిలీల వల్ల...

అక్క: తర్వాతరా. నువ్వు మాట్లాడుతుంటే ఆవిడ జవాబు చెబుతారు. మైకు ఆపు.

తమ్ముడు: నాన్నను కూడా పిలవనా, ఈవిడ తర్వాత?

అక్క: పిలువు. ఆపు ముందు.