స్కూలు గేటు దగ్గర కరపత్రం

శ్రోతలకు నమస్కారం.

తిరుపతిలో ఉండేవాళ్లకు గేటు అనగానే ముందు గుర్తొచ్చేది అలిపిరి. బండి ఆపుతారు, డిక్కీ తీయమంటారు, సంచులు చూస్తారు. పార్టీ జెండా గానీ గుర్తు గానీ కనబడితే కిందే తీసేసి రమ్మంటారు. 2024 నవంబరులో టీటీడీ పాలకమండలి తిరుమలలో రాజకీయ ప్రసంగాలు కూడదని తీర్మానం చేసింది. స్వామి దగ్గరికి పోయేటప్పుడు కొన్ని కిందే వదిలిపెట్టి పోవాలి. ఇది మనకు అలవాటైన సంగతే, దాంతో నాకు పేచీ లేదు. ఈ పూట నేను మాట్లాడబోయేది ఇంకో గేటు గురించి. మన పిల్లలు రోజూ పొద్దున పుస్తకాల సంచి తగిలించుకుని దాటే గేటు.

ఆ 2024లోనే, మార్చి నెలలో, ఎన్నికల కోడ్ వచ్చిన నాలుగైదు రోజులకు ఒకాయన మా ఇంటికి వచ్చాడు. చంద్రగిరి వైపు పల్లె నుంచి రోజూ వచ్చి మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకుంటాడు. పొద్దస్తమానం మడతలు సరిచేసే మనిషి, ఆ రోజు చేతిలో నలిగిన కాగితం పట్టుకుని నిలబడ్డాడు.

"అన్నా, మావోడు బడికాడ ఏందో నోటీసులు పంచినాడంట. రేపు రా, టీసీ ఇచ్చేస్తామంటా ఉండారు. నువ్వు కోర్టులో తిరిగేవాడివి గదా, ఒక మాట చెప్పన్నా."

కాగితం తీసుకుని చూశాను. చేత్తో రాసి జెరాక్స్ తీయించింది. ఒక పెద్ద కాగితాన్ని నాలుగు ముక్కలు చేశారు, ఖర్చు తగ్గుతుందని కాబోలు. 'మా ఊరికి సాయంత్రం వచ్చే బస్సు ఎత్తేసినారు. స్పెషల్ క్లాసులు అయినాక ఆడపిల్లలు చీకట్లో నడిచి పోతా ఉండారు. ఓటు అడగను వచ్చేవాళ్లని ముందు మా బస్సు సంగతి అడగండి.' అంతే. కింద 'తొమ్మిదో తరగతి' అని మాత్రం ఉంది. పార్టీ పేరు లేదు, మనిషి పేరు లేదు. రెండు చోట్ల బస్సుకి సావత్తు ఎగిరిపోయింది.

మర్నాడు ఆయనతో పాటు స్కూలుకు వెళ్లాను. ప్రభుత్వ ఉన్నత పాఠశాల. హెడ్మాస్టరు గారు చెడ్డమనిషి కాదు. భయపడిన మనిషి. "సార్, వాడు రాసింది అబద్ధమని నేను అనడం లేదు. కోడ్ ఉంది. ఎవరో ఒకరు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే నా ఉద్యోగం ఏం కావాల?" అన్నారు.

ఆయన భయంలో ఒక పొరపాటు ఉంది. ప్రభుత్వ ఉద్యోగి రాజకీయాల్లో పాల్గొనకూడదని మన రాష్ట్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి చెబుతుంది. 1964 నుంచీ ఉన్న నియమాలివి. అవి హెడ్మాస్టరుకు వర్తిస్తాయి, డ్రిల్లు మాస్టారుకు వర్తిస్తాయి. తొమ్మిదో తరగతి పిల్లవాడు ప్రభుత్వం దగ్గర జీతం తీసుకోవడం లేదు. మన రాజ్యాంగం 19వ అధికరణలో వాక్ స్వాతంత్ర్యం ఇచ్చింది 'పౌరులందరికీ'. ఓటుకు పద్దెనిమిదేళ్లు నిండాలని వయసు పెట్టారు గానీ మాటకు పెట్టలేదు. అదుపులు లేవని కాదు. దేశ భద్రత, శాంతిభద్రతలు, పరువునష్టం, నేరానికి పురికొల్పడం లాంటి కొన్ని కారణాల మీద, అదీ చట్టం ద్వారా, సమంజసమైన ఆంక్షలు పెట్టొచ్చు. ఆ జాబితా ఎంత వెతికినా 'హెడ్మాస్టరుకు ఇబ్బంది' అన్నది దొరకదు.

చదువుకునే పిల్లలకు రాజకీయాలెందుకు అని అడిగేవాళ్లుంటారు. మా నాన్న కూడా అడిగేవారు. ఈ ప్రశ్నకు మన తెలుగు నేలలో చాలా వయసుంది. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి మాట్లాడి వెళ్లాక, అక్కడి ట్రైనింగ్ కాలేజీ విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకు వచ్చారు. చొక్కా మీద ఒక బ్యాడ్జీ, అంతకు మించి ఏమీ లేదు. ప్రిన్సిపాల్ హంటర్ దొరకు అది కంట్లో నలుసైంది. ఆ విద్యార్థులకు ముందు నిలబడిన గాడిచర్ల హరిసర్వోత్తమరావును కాలేజీ నుంచి వెళ్లగొట్టారు. మరుసటి ఏడాదే ఆయన పత్రికలో రాసిన రాతకు జైలుకు వెళ్లారు. బ్యాడ్జీ తీయించి తరగతిలో కూర్చోబెట్టి ఉంటే ఆయన బహుశా ఏదో ఊళ్లో మంచి ఉపాధ్యాయుడై రిటైరయ్యేవారేమో. హంటర్ దొర మనకొక నాయకుణ్ణి తయారుచేసి ఇచ్చాడు.

అంత దూరం ఎందుకు, మన పాత చిత్తూరు జిల్లా మదనపల్లెనే చూడండి. 1915లో అనీబిసెంట్ పూనికతో అక్కడ దివ్యజ్ఞాన కళాశాల వచ్చింది. హోంరూల్ ఉద్యమం రోజుల్లో ఆ కాలేజీ పిల్లలు ఊరుకోలేదు. దానికి మద్రాసు విశ్వవిద్యాలయం కాలేజీ గుర్తింపునే తీసేసింది. తర్వాత రెండేళ్లకు, 1919 ఫిబ్రవరిలో, రవీంద్రనాథ్ ఠాగూర్ అదే కాలేజీకి వచ్చి కొన్నాళ్లు ఉన్నారు. జనగణమనను అక్కడే ఇంగ్లీషులోకి అనువదించారు. గుర్తింపు పోయిన కాలేజీలో జాతీయగీతానికి అనువాదం పుట్టింది.

జనగణమన మాట వచ్చింది కాబట్టి ఇంకో కేసు చెప్పాలి. నా దృష్టిలో ఈ విషయం మొత్తానికి అసలు కేసు అదే. 1985లో కేరళలో ఒక స్కూలు నుంచి ముగ్గురు తోబుట్టువులను పంపేశారు. జాతీయగీతం పాడేటప్పుడు వాళ్లు మర్యాదగా లేచి నిలబడేవాళ్లు, కానీ నోరు కలిపేవాళ్లు కాదు. వాళ్ల మత విశ్వాసం ఒప్పుకోదు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ పిల్లలను తిరిగి బడిలో చేర్చుకోమంది. తీర్పు రాసింది మన తెలుగు జడ్జి, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతుంది, మన తత్వం సహనాన్ని బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయొద్దు అని ఆయన తీర్పు ముగించారు. ఈ మాటలు అందరూ చెప్పుకుంటారు. హెడ్మాస్టర్లకు పనికొచ్చే మాట అదే తీర్పు మధ్యలో ఉంది. విద్యాశాఖ పంపిన సర్క్యులర్ చట్టం కాదు, దాన్ని చూపించి పిల్లల 19వ అధికరణ హక్కును తీసేయడం కుదరదు అన్నారు.

ఇలాంటిదే అమెరికాలోనూ జరిగింది. 1965 డిసెంబరులో అయోవా రాష్ట్రంలో కొందరు పిల్లలు వియత్నాం యుద్ధంలో చనిపోయినవాళ్ల కోసం చేతికి నల్ల పట్టీ కట్టుకుని స్కూలుకు వెళ్లారు. అందులో మేరీ బెత్ టింకర్‌కు పదమూడేళ్లు. సస్పెండ్ చేశారు. 1969లో వాళ్ల సుప్రీంకోర్టు ఏడుగురు ఒక పక్క, ఇద్దరు ఒక పక్కగా పిల్లల వైపు తీర్పిచ్చింది. విద్యార్థులు గానీ ఉపాధ్యాయులు గానీ తమ హక్కులను బడి గేటు దగ్గర వదిలేసి రారు అంది. మన భాషలో చెప్పాలంటే, గుడి ముందు చెప్పులు విడిచినట్టు విడిచి రారు. చదువుకు గట్టిగా ఆటంకం కలిగితేనే ఆపొచ్చు. ఎవరికో నచ్చకపోవడం చాలదు. పాంప్లెట్లకూ అక్కడ ఇదే కొలత. ఎక్కడ పంచాలి, ఏ వేళలో పంచాలి అన్నది స్కూలు చెప్పొచ్చు, పాఠం మధ్యలో పంచుతానంటే ఒప్పుకోనక్కర లేదు.

అమెరికా తీర్పు మన కోర్టును కట్టేయదు, అది వేరే విషయం. మన దగ్గర కోర్టులు ఎప్పుడూ పిల్లల వైపే ఉన్నాయని కూడా అనుకోవద్దు. కాలేజీలో రాజకీయ కార్యకలాపాలు వద్దనే అధికారం ప్రిన్సిపాలుకు ఉందని 2003లో కేరళ హైకోర్టు చెప్పింది. విద్యార్థి సంఘాల ఎన్నికల మీద లింగ్డో కమిటీ 2006లో ఇచ్చిన సిఫార్సుల్లో అచ్చువేసిన పోస్టర్లు, కరపత్రాలు వద్దు, చేత్తో చేసినవే వాడాలి, అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు అని ఉంది. ఆ లెక్కన మా తొమ్మిదో తరగతివాడు తెలియకుండానే లింగ్డో కమిటీ మాట సగం పాటించాడు.

ఇక ప్రైవేటు స్కూళ్ల సంగతి. తిరుపతిలో ఏ సందులో చూసినా అవే కదా. ప్రాథమిక హక్కులను మనం ముఖ్యంగా అడిగేది ప్రభుత్వాన్ని. ప్రైవేటు యాజమాన్యం మీద 19వ అధికరణ పట్టుకుని నేరుగా కోర్టుకు పోవడం అంత తేలిక కాదు. అయితే ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ ఏ పిల్లాణ్నీ బడి నుంచి తీసేయకూడదని 2009 విద్యాహక్కు చట్టం 16వ సెక్షను చెబుతోంది. 'టీసీ చేతిలో పెడతాం' అని ఏడో తరగతి తల్లిదండ్రులను బెదిరించేవాళ్లకు ఆ సెక్షను చదివి వినిపించండి. మా వాడు తొమ్మిది కాబట్టి మాకు ఆ దారి లేదు.

తల్లిదండ్రులు, టీచర్లు నిజంగా జాగ్రత్తపడాల్సిన చోటు ఇంకొకటుంది. 2024 ఫిబ్రవరి 5న ఎన్నికల సంఘం పార్టీలకు గట్టిగా ఒక ఆదేశం ఇచ్చింది. ప్రచారంలో పిల్లలను ఏ రూపంలోనూ వాడకూడదు. కరపత్రాలు పంచించడం, నినాదాలు ఇప్పించడం, ర్యాలీల్లో తిప్పడం, ఏదీ కూడదు. బిర్యానీ పొట్లం, రెండొందల నోటు ఇచ్చి పిల్లల చేత పాంప్లెట్లు పంచించేవాళ్లను అందరం చూశాం. అక్కడ తప్పు పంచించేవాడిది. ఆ కాగితంలో పిల్లవాడి మాట ఒక్కటీ ఉండదు, అభ్యర్థి ఫోటో ఉంటుంది. అభ్యర్థిని గెలిపించమనో ఓడించమనో చెప్పే కరపత్రం అయితే, అచ్చువేసినవాళ్ల పేరు, వేయించినవాళ్ల పేరు, చిరునామాలతో సహా ఉండాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 127-ఏ సెక్షను చెబుతుంది. లేకపోతే ఆరు నెలల దాకా జైలు. అందుకని కాగితం చేతికి రాగానే ఇది రాజకీయమా అని ఉలిక్కిపడకుండా, ఇది ఎవరి మాట అని చూస్తే సగం తగాదాలు తేలిపోతాయి. బస్సు లేదని ఒక పిల్లవాడు రాస్తే అది రాజకీయమే, ఎందుకు కాదు? కానీ అది వాడి బస్సు, వాడి అక్క నడిచే చీకటి.

ఇదంతా నేను హెడ్మాస్టరు గారి గదిలో ఇంత వివరంగా చెప్పలేదు. చెబితే వినేవారు కూడా కాదు. చిన్నప్పరెడ్డి గారి తీర్పు, ఎన్నికల సంఘం ఆదేశం రెండూ ప్రింటు తీసుకుని వెళ్లాను, బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని రెండో కాగితం రెండుసార్లు చదివారు. వాడి వెనక ఏ పార్టీ అయినా ఉందా అని వాళ్ల నాన్నను అడిగారు. "ఎవురుండారు సార్, ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు తప్ప" అన్నాడాయన. హెడ్మాస్టరు గారికి నవ్వొచ్చింది. టీసీ ఊసు పోయింది. ఇకమీదట లాంగ్ బెల్ కొట్టాక, గేటు బయట పంచుకోమన్నారు. మిగిలిన ముప్పై నలభై కాగితాలు మాత్రం బీరువాలో పెట్టి తాళం వేశారు, తర్వాత ఇస్తామని.

ఇచ్చారు కూడా. వేసవి సెలవులయ్యి బడి తెరిచాక, జూన్‌లో. అప్పటికి ఓట్లు లెక్కపెట్టడం కూడా అయిపోయింది. వాటి వెనకవైపు తెల్లగా ఉంది కాబట్టి పిల్లవాడు పదో తరగతి లెక్కలు వేసుకుంటున్నాడని వాళ్ల నాన్న చెప్పాడు. సాయంత్రం బస్సు గురించి అడిగితే, ఇస్త్రీ పెట్టె మీద నీళ్లు చిలకరించి, ఆ చప్పుడు ఆగేదాకా ఊరుకున్నాడు.

సెలవు.