గుర్రాన్ని చూపించడానికి కాదు

అందరికీ నమస్కారం.

నెల్లూరు స్టేషన్ నుంచి రంగనాయకులపేట దాకా జట్కాలో వెళ్ళిన రోజులు ఈ ముందు వరసలో కూర్చున్న పెద్దలకు గుర్తుండే ఉంటాయి. వెనక ఉన్న పిల్లలకు గుర్రమంటే పెళ్ళి ఊరేగింపు, లేదంటే మైపాడు బీచ్. మా గుర్రం చిట్టి కూడా ఆ బీచ్‌లో పిల్లల్ని మోసిందే. వయసు పైబడిందని దాని యజమాని మాకు ఇచ్చేశాడు. ఏడాదిగా నెలకు రెండు ఆదివారాలు దాన్ని కోవూరు వైపున్న ఒక వృద్ధాశ్రమానికి తీసుకెళ్తున్నాం.

ఈ ఆలోచన మాది కాదు. అమెరికాలో మినియేచర్ గుర్రాలని ఉన్నాయి. జూలు ముగిసే చోటి నుంచి నేలకు కొలిస్తే 34 అంగుళాలు దాటకూడదు. మన డైనింగ్ టేబుల్ కంటే కాస్త ఎత్తు, అంతే. ఫ్లోరిడాలో జెంటిల్ కరోసెల్ అనే సంస్థ వాలంటీర్లు వాటిని ఆసుపత్రులకు, వృద్ధాశ్రమాలకు తీసుకెళ్తారు. 2012 డిసెంబరులో కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూటౌన్‌లో ఒక బడిలో కాల్పులు జరిగి ఇరవైమంది పిల్లలు చనిపోయారు. ఆ తర్వాత ఆ ఊరి పిల్లల దగ్గరికి కూడా ఈ గుర్రాలు వెళ్ళాయి. లిఫ్టులో కదలకుండా నిలబడటం, మెట్లెక్కడం, యంత్రాల చప్పుడుకు బెదరకపోవడం, ఇవన్నీ నేర్పి గానీ వాటిని లోపలికి తీసుకెళ్ళరు. అంత పొట్టిగా ఉండటంలో ఒక సుఖం ఉంది. మంచం మీద పడుకున్న మనిషి చెయ్యి చాపితే గుర్రం మొహం అందుతుంది.

మా చిట్టి ఎత్తు 40 అంగుళాలు. ఆ లెక్కన అది మినియేచర్ కాదు, మామూలు తట్టు గుర్రమే. దానికి లిఫ్టులూ తెలియవు, మెట్లూ తెలియవు. మొదటిసారి ఆ సంగతి ఆలోచించకుండా నేరుగా హాల్లోకి తీసుకెళ్ళాం. నున్నటి టైల్స్ మీద వెనక కాళ్ళు జారాయి. అది బెదిరింది, దాన్ని చూసి ఇద్దరు అవ్వలు బెదిరారు. తప్పు మాదే. అప్పటినుంచి లోపలికి తీసుకెళ్ళడం మానేశాం. వేపచెట్టు కింద కడతాం. నడవలేనివాళ్ళను వీల్‌చైర్లలో అక్కడికి తీసుకొస్తాం. వాళ్ళకు అదే నచ్చింది, గదిలోంచి బయటికి రావడానికి ఒక కారణం దొరికిందని.

అయితే నేను అసలు చెప్పాలనుకున్నది వేరే ఉంది. మొదటి రెండు నెలలూ మేం గుర్రాన్ని చూపించాం. అందరూ చూశారు, నవ్వారు, పిల్లలు ఫొటోలు తీశారు. పావుగంటలో ఎవరి మంచం దగ్గరికి వాళ్ళు వెళ్ళిపోయారు. సినిమా అయిపోయినట్టే.

ఆ ఆశ్రమంలో ఒక పెద్దాయన ఉన్నాడు. వయసులో జట్కా తోలాడట. మాకా సంగతి తెలియదు. మూడో నెల ఒక ఆదివారం కర్ర పోటేసుకుంటూ వచ్చి చిట్టి పక్కన నిలబడ్డాడు. ఎదురుగా రాలేదు, భుజం పక్క నుంచి వచ్చాడు. గుర్రానికి సరిగ్గా నుదుటి ముందు, తోక వెనక ఉన్నది కనపడదు. అందుకే తెలిసినవాళ్ళు పక్కనుంచి, అదీ మాట్లాడుతూ వస్తారు. మెడ మీద నుంచి ముందు కాలి దాకా చెయ్యి రాసుకుంటూ దించి, మోకాలి వెనక చిన్నగా నొక్కాడు. చిట్టి కాలెత్తి ఇచ్చింది. గిట్ట అడుగున మెత్తగా ముక్కోణంలా ఉండే చోట వేలు పెట్టి, ఆ వేలిని వాసన చూశాడు.

"చెమ్మలో కడతన్నారా అబ్బయ్యా దీన్ని?" అన్నాడు.

నిజమే. మా షెడ్డులో నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. గిట్ట కుళ్ళడం అప్పుడే మొదలైంది. రోజూ దాన్ని చూసే మేం పట్టుకోలేకపోయాం. మరుసటి రోజు పశువుల డాక్టరు చూసి అదే మాట చెప్పారు. ఇసక పోయించి, నేల ఎత్తు చేసి, ఇంకో నెలకు బాగు చేసుకున్నాం.

ఆ రోజుతో నాకు ఒక సంగతి అర్థమైంది. ఆశ్రమంలో ఉన్నవాళ్ళకు అన్నం పెట్టేవాళ్ళున్నారు, మందులిచ్చేవాళ్ళున్నారు, పండ్లు పంచేవాళ్ళు పుట్టినరోజులకు వస్తూనే ఉంటారు. వాళ్ళను ఏదైనా చేసిపెట్టమని అడిగేవాళ్ళు మాత్రం లేరు. గుర్రానికి చాకిరీ ఎక్కువ. దువ్వాలి, నీళ్ళు పెట్టాలి, ఈగలు తోలాలి. అందుకే ఇప్పుడు మేం చూపించడం మానేసి పని అడుగుతున్నాం. చెయ్యి వణికే ఒక అవ్వ జూలు దువ్వుతుంది. ఇంకొకామె కేరెట్లు తరుగుతుంది. చక్రాల్లా కాకుండా నిలువుగా, పొడుగ్గా. గుండ్రటి ముక్క గొంతులో అడ్డం పడొచ్చు. తినిపించేటప్పుడు అరచెయ్యి చాపి, బొటనవేలు పక్కకు ఆనించాలి. లడ్డూలు, జిలేబీలు మాత్రం పెట్టనివ్వం. గుర్రం వాంతి చేసుకోలేదు, కడుపులో ఏది తేడా చేసినా ప్రాణం మీదికి వస్తుంది. ప్రేమతో పెట్టినా సరే, వద్దనే చెప్తాం.

ఇది వైద్యమని మేం ఎక్కడా చెప్పం. పోలియోతో మోకాళ్ళ కింద పట్టులేని డెన్మార్క్ మహిళ లిజ్ హార్టెల్ 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో గుర్రపు స్వారీలో రజతం గెలిచింది. గుర్రంతో వ్యాయామ చికిత్స యూరప్‌లో పుంజుకోవడానికి అదొక కారణం. అది తెలిసిన నిపుణులు చేయించాల్సిన పని. మేం ఎవరినీ చిట్టి మీదికి ఎక్కించం.

మన దగ్గర ఒంగోలు జాతి ఉండగా గుర్రమెందుకని చాలామంది అడుగుతారు. ఎవరైనా దూడతో మొదలుపెడితే నాకు సంతోషమే. కానీ నేను గమనించింది చెప్తాను. ఆవు వస్తే మన పెద్దవాళ్ళు దణ్ణం పెట్టి, తోక కళ్ళకద్దుకుని పక్కకు తప్పుకుంటారు. గుర్రం వస్తే చెయ్యి వేస్తారు. నాకు కావాల్సింది ఆ చెయ్యి వెయ్యడమే.

చిట్టి సుఖం కూడా చూడాలి. గంట దాటితే ఉంచం. చెవులు వెనక్కి మడిచిందంటే ఇక చాలంటోందని అర్థం, అందర్నీ దూరం జరగమంటాం. ధనుర్వాతం టీకా, గ్లాండర్స్ అనే గుర్రాల జబ్బుకి రక్తపరీక్ష చేయించకుండా ఏ గుర్రాన్నీ మనుషుల మధ్యకు తీసుకెళ్ళకండి. గ్లాండర్స్ మనుషులకూ అంటుతుంది. పని అయ్యాక అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాల్సిందే.

మాకు ఇంకో ఇద్దరు కావాలి. పేడ ఎత్తడానికి ఒకరు, పగ్గం పట్టుకుని గంటసేపు ఫోన్ చూడకుండా నిలబడటానికి ఒకరు. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి బయల్దేరుతున్నాం. గిట్టలు గీకే కొక్కెం తెచ్చుకోవాల్సిన పని లేదు. అది ఆ పెద్దాయన దగ్గరే ఉంది. పోయినసారి వచ్చేటప్పుడు అడిగితే ఇవ్వలేదు, తలగడ కింద పెట్టుకున్నాడు.