లువాలాటెక్ రివ్యూ: మాడ్యూల్ దొరకలేదంటుంది, ఎక్కడ వెతికిందో మాత్రం చెప్పదు

నమస్కారం. ముందుగా ఒక విషయం చెప్పాలి. పుస్తకాల పేజీలు కూర్చే టెక్ (TeX) అనే సాఫ్ట్‌వేర్‌కు ఫైళ్లు రాసుకునే ఎడిటర్‌ను తయారుచేసే ఒక సంస్థ వారు నాకు ఏడాది లైసెన్సు ఉచితంగా ఇచ్చి, అందులో లువాలాటెక్‌ను, అంటే లువా అనే ప్రోగ్రామింగ్ భాష కలిసిన టెక్ రూపాన్ని, నడిపి చూపమన్నారు. దాని మెనూలు, రంగులు, వేగం గురించి మీరు ఈపాటికి వేరేచోట చూసే ఉంటారు కనుక వాటి జోలికి వెళ్లను. ఆ ఎడిటర్ వల్ల నా పుస్తకం ప్రూఫులో ఒక తప్పు దొర్లింది, దాని మూలం వెతుక్కుంటూ వెళితే దాని వెనక ఉండే లువాటెక్ ఇంజన్ తన మాడ్యూళ్లను, అంటే పిలిచి వాడుకునే లువా ఫైళ్లను, వెతికే పద్ధతి దగ్గర తేలాను. ఈరోజు రివ్యూ ఆ పద్ధతికే.

నా పని తెలుగు పుస్తకం చివర పదసూచిక తయారుచేయడం. ఇదివరకు జీలాటెక్ అనే మరో టెక్ రూపాన్ని వాడేవాణ్ణి. 2020 నుంచి లువాలాటెక్ వెనక అక్షరాలను, ఒత్తులను కుదిర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీ కలిసిన ఇంజన్ నడుస్తోంది, ఫాంటు చెప్పేచోట దాన్ని ఎంచుకుంటే ఒత్తులు చక్కగా కుదురుతున్నాయి కనుక ఇటు మారాను. చిక్కల్లా అకారాదితోనే వచ్చింది. యూనికోడ్ సంఖ్యల వరుసను నమ్ముకుంటే ‘ళ’ అక్షరం ‘వ’ కంటే ముందే వస్తుంది కాబట్టి కల, కళ, కవి అని పేరుస్తుంది. మన అక్షరమాలలో ‘ళ’ స్థానం ‘హ’ తరువాత కనుక కల, కవి, కళ అని రావాలి. దీన్ని సరిచేయడానికి అకారాది అనే చిన్న లువా ఫైలు రాసి, ప్రాజెక్టులో ‘లువా’ అనే ఫోల్డర్‌లో పెట్టుకున్నాను.

మామూలు లువాలో అలవాటైన చేతితో, మాడ్యూళ్లను ఎక్కడ వెతకాలో చెప్పే ప్యాకేజ్ డాట్ పాథ్‌కు ఆ ఫోల్డర్‌ను జతచేసి, కింద మాడ్యూల్‌ను పిలిచే రిక్వైర్ అని రాశాను. లువాటెక్‌ను ఉత్త లువా లాగా నడిపే టెక్‌లువాతో పరీక్షిస్తే పనిచేసింది. అదే వరుసను లువాలాటెక్‌లో నడిపితే మాడ్యూల్ దొరకలేదన్నది. ఒకే ఫైలు, ఒకే ఫోల్డర్, ఒకే యంత్రం. ఒకచోట ఉన్నది ఇంకొకచోట ఎలా లేకుండా పోతుందని ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నాను.

కారణం మాన్యువల్‌లోనే ఉంది. లువాటెక్‌లో మాడ్యూళ్లను వెతికే ఫంక్షన్లుండే ప్యాకేజ్ డాట్ సెర్చర్స్ పట్టికలోని రెండో గడిని తీసేసి, దాని స్థానంలో వేరొక ఫంక్షన్‌ను పెట్టారు. టెక్ ప్రపంచంలో ఫైళ్లన్నింటినీ వెతికిపెట్టే కేపాథ్‌సీ అనే లైబ్రరీ అప్పటికే మేల్కొని ఉంటే ఆ ఫంక్షన్ దానినే అడుగుతుంది, లేకపోతేనే మామూలు ప్యాకేజ్ డాట్ పాథ్ వైపు చూస్తుంది. లువాలాటెక్‌లో కేపాథ్‌సీ మొదటి నుంచీ మెలకువగా ఉంటుంది; టెక్‌లువాలో మాత్రం మనం కేపీఎస్‌ఈ (కేపాథ్‌సీకి పొట్టి పేరు) డాట్ సెట్ ప్రోగ్రామ్ నేమ్ అని పిలిచేదాకా నిద్రపోతూనే ఉంటుంది. అంటే నేను అంత శ్రద్ధగా కలిపిన దారిని లువాలాటెక్ కన్నెత్తి కూడా చూడలేదు.

ఇదంతా సబబే, నేను ఒప్పుకుంటాను. ఒప్పుకోలేనిది అది ఇచ్చే సందేశం. మామూలు లువా అయితే ఫలానా చోట చూశాను లేదు, ఫలానా చోట చూశాను లేదు అని వెతికిన ప్రతి దారినీ వరుసగా అప్పజెబుతుంది. ఇక్కడ కేపీఎస్‌ఈ లువా సెర్చర్‌కు ఫైలు దొరకలేదు, కేపీఎస్‌ఈ సీ సెర్చర్‌కు దొరకలేదు అని రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటుంది. ఆ దారులేమిటో తెలియాలంటే కేపాథ్‌సీ డీబగ్ అనే వేరియబుల్‌కు 32 అని విలువ ఇచ్చి మళ్లీ నడపాలి, అప్పుడు తెరమీద వరద పారుతుంది. అంత వద్దనుకుంటే, కేపాథ్‌సీకి ఫైలు ఎక్కడ దొరుకుతుందో చెప్పే కేపీఎస్‌ఈవిచ్ అనే కమాండుకు ప్రోగ్రామ్ పేరు లువాలాటెక్ అని చెప్పి ఫైలును అడగవచ్చు. ప్రోగ్రామ్ పేరు చెప్పడం మరవకండి, ఎందుకంటే దారులు ఆ పేరునుబట్టి మారతాయి.

సరే, లువా ఫైళ్లను ఎక్కడ వెతకాలో కేపాథ్‌సీకి చెప్పే లువాఇన్‌పుట్స్ అనే వేరియబుల్‌లో నా ఫోల్డర్ పేరు ఇచ్చి, చివర ఒక కోలన్ పెట్టాను. విండోస్‌లోనైతే అది సెమికోలన్. ఆ చివరి చుక్కల జంటను తక్కువగా చూడకండి. అసలు దారులు వచ్చి చేరేది అక్కడే. అది లేకపోతే ఫాంట్లను చూసుకునే లువాఓటీఎఫ్‌లోడ్ కూడా దొరకక, మీ ఫైలు సంగతి అటుంచి మొత్తం పనే ఆగిపోతుంది.

ఇప్పుడు ఎడిటర్ దగ్గరకు వస్తాను. ఆ వేరియబుల్‌ను నేను టెర్మినల్ తెరవగానే చదివే షెల్ ప్రారంభ ఫైలులో రాసుకున్నాను. టెర్మినల్‌లో అంతా బాగుంది. ఎడిటర్‌ను ఐకాన్ నొక్కి తెరిచాను, అలా తెరిచినప్పుడు అది ఆ ఫైలును చదవలేదు. అయినా దోషమేదీ రాలేదు! కేపాథ్‌సీ ఎలాగూ వెతికే చోట్లలో ఒకటైన, ఇంటి డైరెక్టరీలోని టెక్స్‌ఎమ్‌ఎఫ్ ఫోల్డర్‌లో, ‘ళ’ను సరిచేయక ముందటి పాత అకారాది ఫైలు ఒకటి మిగిలి ఉంది. కేపాథ్‌సీ దాన్ని తెచ్చి చేతిలో పెట్టింది. పీడీఎఫ్ చక్కగా తయారైంది, నేను పంపేశాను. రెండు రోజుల తరువాత ప్రూఫు చూసే పెద్దాయన ఫోన్ చేసి, “ఏమండీ, కవి కంటే ముందు కళ ఎందుకొచ్చిందండీ?” అని అడిగారు.

అప్పటినుంచి వేరియబుల్ మానేసి, రిక్వైర్‌లో లువా డాట్ అకారాది అని రాస్తున్నాను. లువాటెక్ ఆ చుక్కను ఫోల్డర్ గీతగా మార్చి ముందు వెతుకుతుంది, పనిచేస్తున్న డైరెక్టరీ ఎలాగూ దారిలో మొదటే ఉంటుంది. ఫైలు అక్కడ లేకపోతే నా పాత కాపీ ఈ పేరుకు తగలదు కనుక, పని గట్టిగా అరిచి ఆగుతుంది. అదనంగా, కేపీఎస్‌ఈ డాట్ ఫైండ్ ఫైల్ ఇచ్చిన దారిని లాగ్‌లో రాసే వరుస ఒకటి పెట్టుకున్నాను.

కాబట్టి నా మార్కులు ఇవి: వెతికే పద్ధతికి 10కి 9, దొరకనప్పుడు చెప్పే మాటకు 10కి 2. ఎడిటర్ లైసెన్సుకు ఇంకా పది నెలల గడువుంది, నేను మాత్రం పదసూచికను టెర్మినల్‌లోనే నడుపుతున్నాను.